చర్మానికి మందు అలవాటు కాదు

మిర్చి తోటలో, పత్తి చేన్లో కొత్తగా పురుగుమందు పంపు ఎత్తుకున్న పిల్లగాడికి పెద్దోళ్లు చెప్పే మాట ఒకటుంది: "కొత్తల గట్లనే దురద పెడతది, నాలుగు పంపులు కొట్టినంక అదే అలవాటైతది." నర్సంపేట దిక్కు పోయినా, పరకాల దిక్కు పోయినా, మహబూబాబాద్ తండాల్లో అయినా ఇదే మాట. చెప్పేవాళ్ల మనసులో చెడ్డ ఉద్దేశం లేదు, తాము పడ్డదే చెబుతున్నారు. కానీ చర్మం ఎలర్జీ విషయంలో ఈ మాట పూర్తిగా తలకిందులు. కొన్ని మందులకు ఒళ్లు అలవాటు పడదు. ఒక్కోసారి తగిలినకొద్దీ ఇంకా తక్కువ మందుకే, ఇంకా తొందరగా ఎదురు తిరుగుతుంది. ఈ తేడా తెలియక దురదను ఓర్చుకుంటూ పనిచేసినవాళ్లు చివరికి పక్క చేన్లో మందు కొట్టినా కనురెప్పలు వాచే స్థితికి చేరుతున్నారు.

మందు తగిలి చర్మం చెడేది ప్రధానంగా రెండు రకాలుగా. ఒకటి మంట రకం. మందే నేరుగా చర్మాన్ని కాలుస్తుంది, పొరను కొరికేస్తుంది. ఎవరికైనా వస్తుంది, ఎంత ఎక్కువ తగిలితే అంత ఎక్కువ వస్తుంది, తగిలిన చోటే వస్తుంది. నిమిషాల్లోనో గంటల్లోనో తెలిసిపోతుంది. పారాక్వాట్ గడ్డి మందు చిక్కగా వేళ్లకు అంటితే పుండ్లు పడటం, గోళ్లు తెల్లబడి ఊడిపోవడం ఈ రకమే. లేబుల్ మీద ఈసీ అని రాసి ఉండే నూనె మందుల్లో అసలు మందుతో పాటు దాన్ని కరిగించే ద్రావకాలు ఉంటాయి. అవి చర్మం మీది సహజమైన జిడ్డును కడిగేస్తాయి, చర్మం పొడిబారి పగులుతుంది.

రెండోది ఎలర్జీ రకం. మొదటిసారి తగిలినప్పుడు పైకి ఏమీ కనపడదు. మందులోని చిన్న అణువు చర్మం పై పొర దాటి లోపలి ప్రొటీన్లకు అతుక్కుంటుంది. అక్కడ కాపలా ఉండే లాంగర్‌హాన్స్ కణాలు దాన్ని పట్టుకుని చంకల్లో, గజ్జల్లో ఉండే లింఫు గ్రంథులకు తీసుకుపోతాయి. అక్కడ ఒంటికి రక్షణగా ఉండే టి కణాలు ఆ అణువును శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. ఇదంతా జరగడానికి పది రోజుల నుంచి రెండు వారాలు చాలు. కొందరిలో నెలలు, ఏళ్ల తరబడి తగిలాక గానీ మొదలుకాదు. దీన్నే సెన్సిటైజేషన్ అంటారు. అప్పటి నుంచి ఆ మందు కొంచెం తగిలినా చాలు, ఒకటి నుంచి మూడు రోజుల్లో దద్దు, ఎరుపు, నీటి పొక్కులు, విపరీతమైన దురద. తగిలిన చోటు దాటి కూడా పాకుతుంది. ఈ గుర్తు మామూలుగా జీవితాంతం పోదు.

మరి "అలవాటైతది" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? రెండు కారణాలు కనిపిస్తాయి. మంట రకం బాధలో కొందరికి చర్మం నిజంగానే మందబారుతుంది, మొదటి వారాల్లో ఉన్నంత మంట తర్వాత ఉండదు. అది చూసి అన్ని దురదలూ అంతే అనుకుంటారు. రెండో కారణం ఇంకా ముఖ్యం. ఈ సలహా ఇచ్చేవాళ్లంతా తట్టుకున్నవాళ్లు. తట్టుకోలేనివాళ్లు ఎప్పుడో పంపు దించి వేరే పని చూసుకున్నారు, వాళ్లు కొత్తవాళ్లకు మందు కొట్టడం నేర్పే చోట లేరు. ఊళ్లో వినపడేది ఒక పక్క అనుభవమే.

ఎలర్జీ రకం ఆలస్యంగా పైకి రావడం వల్ల ఇంకో నష్టం ఉంది. సోమవారం పొద్దున మందు కొడితే బుధవారం దురద మొదలవుతుంది. మంగళవారం రాత్రి తిన్న వంకాయ కూర మీద నేరం పడుతుంది. లేదంటే "వేడి చేసింది" అంటారు. వంకాయ, గోంగూర, చేపలు మానేసి పత్యం పడతారు, వారం తిరిగేసరికి అదే మందు మళ్లీ కొడతారు. దీనికి ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. ఇంట్లో గోడ మీది క్యాలెండర్‌లో మందు కొట్టిన తేదీ గడిలో ఆ మందు సాంకేతిక నామం, అంటే అందులోని అసలు రసాయనం పేరు రాయాలి, బ్రాండు పేరు చాలదు. దురద మొదలైన రోజు గడిలో ఒక చుక్క పెట్టాలి. రెండు మూడు కొట్టుళ్లు గడిస్తే చుక్కకు ఒకటి నుంచి మూడు రోజుల ముందు ఏ పేరు మళ్లీ మళ్లీ వస్తోందో కంటికి కనపడుతుంది. ఒకే డ్రమ్ములో మూడు నాలుగు మందులు కలిపి కొట్టేవాళ్లకు మాత్రం ఈ ఉపాయం పనిచేయదు. పురుగు మందు, తెగులు మందు, టానిక్కు, జిగురు అన్నీ ఒక్కసారే పోస్తే ఏది పడలేదో డాక్టరుకు కూడా అందదు. కలపకూడదు అనడానికి పంట వైపు నుంచి చాలా కారణాలు చెబుతారు, చర్మం వైపు నుంచి కారణం ఇది.

ఈ రెండు రకాల్లోకీ రాని మంట ఒకటుంది, దాన్ని విడిగా గుర్తుపట్టాలి. లాంబ్డా సైహలోత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, ఫెన్‌వాలరేట్ లాంటి పైరిథ్రాయిడ్ మందులు కొట్టాక కొద్ది గంటల్లో బుగ్గలు, నుదురు, పెదాల చుట్టూ సూదులు గుచ్చినట్టు, కారం రాసినట్టు ఉంటుంది. చర్మం మీద చూస్తే ఏమీ ఉండదు. ఈ మందులు చర్మంలోని నరాల కొసలను రెచ్చగొట్టడం వల్ల వచ్చే బాధ ఇది. మామూలుగా ఒక రోజులోపు దానంతటదే తగ్గుతుంది. చెమట, ఎండ, వేడి నీళ్లు దీన్ని పెంచుతాయి. సబ్బుతో చన్నీళ్లు పోసి మెల్లగా కడిగి, విటమిన్ ఇ ఉన్న నూనె గానీ క్రీము గానీ పూస్తే ఉపశమనం ఉంటుంది. దీనికి ఎలర్జీ ఇంజెక్షన్ అక్కర్లేదు.

ఇప్పుడు డబ్బా మీది రంగు సంగతి. మన దేశంలో పురుగుమందుల చట్టం 1968లో వచ్చింది, నిబంధనలు 1971లో వచ్చాయి. ఆ నిబంధనల ప్రకారం ప్రతి ప్యాకెట్ మీద కొసమీద నిలబెట్టిన చతురస్రం ఉంటుంది, దాని కింది సగంలో రంగు ఉంటుంది. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. ఈ రంగును నిర్ణయించేది ఒకే ఒక్క లెక్క: ఎంత మందు ఒక్కసారిగా కడుపులోకి పోతే గానీ, చర్మం మీద పడితే గానీ ప్రయోగంలోని జంతువుల్లో సగం చచ్చిపోతాయి అన్నది. కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపే కడుపులోకి పోయి చంపితే ఎరుపు, 5000 మిల్లీగ్రాములు దాటితే ఆకుపచ్చ. చర్మానికి ఎలర్జీ తెస్తుందా లేదా అన్న ప్రశ్న ఈ లెక్కలో ఎక్కడా లేదు.

అందుకే మాంకోజెబ్‌ను దగ్గరగా చూడాలి. ఎం-45 అని షాపులో అడిగితే ఇచ్చే పసుపు పొడి ఇదే. మిర్చిలో ఆకుమచ్చకు, కాయకుళ్లుకు, పసుపులో ఆకుమచ్చకు, టమాటాలో మాడు తెగులుకు వాడని ఊరు లేదు. నోటి ద్వారా దాని ప్రాణాంతక మోతాదు 5000 దాటుతుంది కాబట్టి అది ఆకుపచ్చ గుర్తు మందు. రైతు దాన్ని చూసి "ఇది మెత్తటి మందే" అనుకుని ఒట్టి చేతుల్తో కలుపుతాడు. మోనోక్రోటోఫాస్ కలిపేటప్పుడు ఉండే భయంలో పదో వంతు కూడా దీనికి ఉండదు. కానీ చర్మ వైద్యుల లెక్కలో మాంకోజెబ్ తెలిసిన ఎలర్జీ కారకం. ఐరోపా వర్గీకరణలో అది చర్మానికి ఎలర్జీ తేగలదన్న హెచ్చరిక ఉన్న పదార్థం. వేరే కారణాల మీద, ముఖ్యంగా సంతానం మీద, హార్మోన్ల మీద దాని ప్రభావం చూసి, 2020 డిసెంబరులో ఐరోపా సమాఖ్య దాని అనుమతిని పొడిగించకుండా వదిలేసింది. దాని చుట్టాలైన జినెబ్, మానెబ్, థైరమ్ కూడా ఇదే కోవ. కాప్టాన్, క్లోరోథలోనిల్ కూడా ఎలర్జీ తెచ్చేవిగా పేరుపడ్డవే. చూడండి, ఇవన్నీ తెగులు మందులు. ఊళ్లో జనం భయపడేది పురుగు మందులకు, ఎలర్జీ ఎక్కువగా తెచ్చేవి మాత్రం ఎవరూ పట్టించుకోని తెగులు మందులు.

ఒక పంపు లెక్క తీసుకుందాం. లీటరుకు రెండున్నర గ్రాముల చొప్పున 16 లీటర్ల పంపుకు 40 గ్రాముల మాంకోజెబ్ పొడి. ప్యాకెట్లోని పొడితో పోలిస్తే పంపులోని నీళ్లలో మందు నాలుగు వందల వంతు పలచన. అంటే పొడి కలిపేటప్పుడు వేళ్ల సందుల్లో ఇరుక్కున్న చిటికెడు, గంటసేపు మీద పడిన తుంపర కంటే ఎక్కువ హాని చేయగలదు. లీటరుకు ఒక మిల్లీలీటరు వేసే నూనె మందు అయితే తేడా వెయ్యి రెట్లు. అందుకే రక్షణకు పెట్టే డబ్బు, శ్రద్ధ ముందు మందు కలిపే ఆ పది నిమిషాల మీద పెట్టాలని నా వాదన. పూర్తి ప్లాస్టిక్ సూట్ వేసుకుని ఆగస్టు ఉక్కలో మందు కొట్టమని చెప్పడం జరిగే పని కాదు, చెప్పేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. కలిపేటప్పుడు గ్లౌజులు వేసుకోవడం జరిగే పని.

కలపడం ఇలా ఉండాలి. ప్యాకెట్‌ను పళ్లతో చించొద్దు, కత్తెరతో కత్తిరించాలి. గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడాలి. పొడిని నేరుగా డ్రమ్ములో గుమ్మరిస్తే లేచే దుమ్ము ముఖానికే వస్తుంది. ముందు మగ్గులో కొంచెం నీళ్లు పోసి, పొడి వేసి, పుల్లతో ముద్దలా కలిపి, ఆ తర్వాత డ్రమ్ములో పోయాలి. డ్రమ్మును కట్టెతో తిప్పాలి. మోచేతి దాకా చెయ్యి పెట్టి కలపడం ఇప్పటికీ చూస్తున్నాం, అది వెంటనే మానాల్సిన పని. గ్లౌజులు ఆసుపత్రుల్లో వాడే పలచటివి పనికిరావు, ద్రావకాలు వాటిలోంచి లోపలికి దిగుతాయి. లోపల బట్ట అతికించినవీ, తోలువీ మందును పీల్చుకుని గంటల తరబడి చేతికి అంటిపెడతాయి. కనీసం 0.38 మిల్లీమీటర్ల మందం ఉన్న, లోపల బట్ట లేని పొడవాటి నైట్రైల్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) గ్లౌజులు కావాలి. విప్పే ముందు చేతికి ఉండగానే సబ్బుతో బయటివైపు కడిగి, అప్పుడు తీయాలి. ఈ ఒక్కటి చేయకపోతే మర్నాడు వేసుకునేటప్పుడు మందు లోపలికి పోతుంది, గ్లౌజు లేకపోవడమే నయమనిపిస్తుంది.

ఒంటి మీద దద్దు ఎక్కడ వచ్చిందో చూస్తే మందు ఎక్కడి నుంచి వచ్చిందో చాలావరకు చెప్పొచ్చు. వేళ్ల సందులు, మణికట్టు అయితే కలిపేటప్పుడు అంటింది. నడుం కింద, వీపు మీద అయితే పంపు మూత దగ్గర వాషర్ పోయి కారుతోంది. తొడల ముందు వైపు అయితే తడిసిన చెట్ల మధ్యకు నడుస్తున్నారు. పత్తి నడుం దాటి పెరిగాక ఇది తప్పనిసరిగా కనపడుతుంది. కనురెప్పలు మాత్రమే వాస్తే చాలాసార్లు కారణం చేతులే, మందు అంటిన చేత్తో కళ్లు తుడుచుకున్నారు. అరచేతి చర్మం మందం, దానికేమీ కాదు. రెప్ప చర్మం పలచన, అక్కడ బయటపడుతుంది. అన్ని చోట్లా చర్మం ఒకేలా పీల్చుకోదు. పారాథియాన్ అనే పాత మందుతో మనుషుల మీద తీసిన కొలతల్లో ముంజేయి పీల్చేది ఒక వంతు అనుకుంటే, తలమాడు 3.7, నుదురు 4.2, చంక 7.4, వృషణాల చర్మం 11.8 వంతులు పీల్చుకుంది. నీళ్లు తాగే ముందు చేతులు కడుక్కోమని అందరూ చెబుతారు. మూత్రానికి పోయే ముందు కడుక్కోమని చెప్పేవాళ్లు తక్కువ. చెప్పాలి.

పంపు ఎత్తుకునే ముందు నీళ్లు నింపి ఒకసారి వంగి చూడాలి, మూత దగ్గర కారితే వాషర్ మార్చాలి. వీపుకూ పంపుకూ మధ్య పలచటి ప్లాస్టిక్ షీటు ఒకటి కట్టుకుంటే బనీను తడవదు. మందు సంచుల్లోని కవరు మాత్రం వాడొద్దు. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదొద్దు, పాత టూత్ బ్రష్షు జేబులో ఉంచుకోవాలి. కొట్టిన సాలు వెంట నడవకుండా, గొట్టం పక్కకు పట్టుకుని పొడి సాలు మీదికి జరుగుతూ పోవాలి. గాలికి ఎదురు కొట్టొద్దు. పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపు ముగిస్తే ఎండ, చెమట రెండూ తగ్గుతాయి. చెమట పట్టిన చర్మం మందును ఎక్కువ పీలుస్తుంది.

ఇంటికి వచ్చాక ముందు స్నానం, తర్వాతే పిల్లల్ని ఎత్తుకోవడం. తల, చెవుల వెనుక, గోళ్ల కింద సబ్బు పెట్టాలి. చొక్కా తల మీదుగా లాగితే మందంతా ముఖానికి రుద్దుకున్నట్టే, గుండీలు విప్పి తీయాలి. ఆ బట్టల్ని ఇంటి బట్టలతో కలిపి నానబెట్టొద్దు. వేరే బకెట్‌లో ముందు ఒట్టి నీళ్లతో ఒకసారి జాడించి పారబోసి, ఆ తర్వాత సబ్బుతో రెండుసార్లు ఉతకాలి. నూనె మందు పడ్డ బట్టకు ఒక్క ఉతుకు చాలదు. ఎన్నడూ చేన్లో మందు కొట్టని ఆడవాళ్ల చేతులకు వచ్చే దద్దుకు ఈ ఉతుకుడు ఒక కారణం. ఉతికేవాళ్లకూ గ్లౌజులు కావాలి, ఇంటికి ఒక జత కొని మగవాళ్లకే ఇవ్వడం సరికాదు.

ఆడవాళ్ల సంగతి అక్కడితో అయిపోదు. మిర్చి ఏరేది, పత్తి ఏరేది, కలుపు తీసేది వాళ్లే. లేబుల్ మీద ఉండే వెయిటింగ్ పీరియడ్, అంటే మందు కొట్టాక కోతకు ముందు ఆగాల్సిన రోజులు, తినేవాళ్లను చూసి పెట్టింది. ఆ తోటలోకి ఎప్పుడు ఏరడానికి పోవచ్చో, ఒట్టి చేత్తో ఆకు ఎప్పుడు ముట్టుకోవచ్చో రైతుకు చెప్పేవాళ్లు లేరు. 1986లో అమెరికాలోని కాలిఫోర్నియాలో నారింజ తోటల్లో కాయలు తెంపే కూలీల్లో వందమందికి పైగా మెడ, ఛాతీ, చేతుల మీద తీవ్రమైన దద్దులు వచ్చాయి. వాళ్లెవరూ మందు కొట్టలేదు. నల్లి కోసం కొట్టిన ప్రొపర్గైట్ ఆకుల మీద మిగిలి ఉంది. ఎక్కువ రోజులు నిలిచేలా ఆ మందు తయారీని మార్చడం వల్ల మునుపటి లెక్కలు తప్పాయి. ఆ మందు ఇక్కడ మిర్చిలో నల్లికి వాడతాం. 2021-22లో నల్ల తామరపురుగు వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం మిర్చి తోటల్ని ఊడ్చేసినప్పటి నుంచి మిర్చిలో కొట్టుళ్లు పెరిగాయి, కొట్టుడుకూ కొట్టుడుకూ మధ్య రోజులు తగ్గాయి. ఏరే కూలీలు ఆ మధ్యలో తోటలోకి దిగుతారు. ఫిబ్రవరి, మార్చిలో ములుగు, భూపాలపల్లి వైపు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే కూలీలకు ఏ మందు ఎప్పుడు కొట్టారో అడిగే భాష కూడా ఉండదు. చేను గలవాడే చెప్పాలి. పొడుగు చేతుల చొక్కా, చేతులకు తొడుగులు ఇవ్వాలి.

మిర్చి ఏరేవాళ్లకు ఒక తేడా తెలియాలి. కారపు మంట అదే రోజు వస్తుంది, మర్నాటికి తగ్గుతుంది. ఒట్టి నీళ్లకు పోదు, ముందు నూనె రాసి తర్వాత సబ్బుతో కడిగితే పోతుంది. మర్నాడు, మూడోనాడు పెరిగే దురద కారం వల్ల కాదు.

విత్తనాల దగ్గర కూడా ఇదే కథ. ఎర్రగా, గులాబీ రంగులో ఉండే గింజ శుద్ధి చేసిన గింజ. ఏ మందుతో శుద్ధి చేశారో ప్యాకెట్ మీద ఉంటుంది. అది థైరమ్ గానీ కాప్టాన్ గానీ అయితే రోజంతా ఒట్టి వేళ్లతో గింజ పెట్టేవాళ్లకు వేళ్ల కొసలు పగిలి దురద పెట్టొచ్చు. థైరమ్‌తో ఇంకో వింత ఉంది. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్రకు అది దగ్గరి చుట్టం. కిలోకు మూడు గ్రాముల చొప్పున గింజలకు థైరమ్ పట్టించిన సాయంత్రం కల్లు తాగితే ముఖం, ఛాతీ ఎర్రబడి, గుండె దడ, వాంతి వచ్చినట్టు ఉండొచ్చు. కల్లు కల్తీది అనుకుంటారు. ఆ రోజూ, తర్వాత రెండు మూడు రోజులూ తాగకపోవడం మంచిది.

అన్ని దురదలకూ మందే కారణం అనడం కూడా తప్పే. గట్ల మీద, బాటల పక్కన తెల్లగా పూసే వయ్యారిభామ మన దగ్గర పెద్ద నేరస్థురాలు. అందులోని పార్థెనిన్ అనే రసాయనం ఎండిన ఆకు దుమ్ముతో గాలిలో కలిసి కనురెప్పలు, మెడ, మోచేతి మడతల్లో దద్దు తెస్తుంది. ఎండ పొక్కు అయితే గడ్డం కింద, చెవుల వెనుక, పై రెప్ప మీద నీడ పడే చోట్లు శుభ్రంగా ఉంటాయి. గాలిలో వచ్చే ఎలర్జీ ఆ చోట్లను కూడా వదలదు. గుండ్రంగా అంచు లేచి మధ్యలో మానుతున్న మచ్చ తామర అయ్యుండొచ్చు. ఇంట్లో అందరికీ రాత్రిపూట దురద ఉంటే గజ్జి. చెప్పు పట్టీ కింద మాత్రమే ఉంటే రబ్బరు.

వైద్యం దగ్గర జరిగే తప్పులు నన్ను ఎక్కువ బాధపెడతాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ సూది వేస్తాడు, రెండు రోజుల్లో మాయమవుతుంది, మందు మళ్లీ తగలగానే తిరిగి వస్తుంది, మళ్లీ సూది. సంవత్సరాల తరబడి ఇలా నడిస్తే షుగర్, ఎముకల బలహీనత ఊరికే పోవు. మెడికల్ షాపులో క్లోబెటాసాల్ అనే ఘాటైన స్టెరాయిడ్ కలిసిన క్రీము అడిగి తెచ్చుకుని ముఖానికి పూస్తారు. చర్మం పలచబడి ఎర్రటి నరాలు తేలతాయి. తామర మీద పూస్తే అది పాకిపోతుంది, ఆకారం మారి డాక్టరుకు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. సిట్రజిన్ మాత్రతో నిద్ర పడుతుంది, దురద కొంత తగ్గుతుంది, ఈ రకం ఎలర్జీని మాత్రం అది ఆపదు. స్టెరాయిడ్ క్రీము అవసరమే. ఏ బలం, ఎన్ని రోజులు, ఏ చోట అన్నది చర్మ వైద్యుడు చెప్పాలి. మందు తగలడం పూర్తిగా ఆగినా దద్దు మానడానికి రెండు మూడు వారాలు పడుతుంది. వారానికే తగ్గలేదని డాక్టర్ని మార్చొద్దు.

వేలు ఖర్చుపెట్టి చేయించే ఎలర్జీ రక్త పరీక్షలు ఈ జబ్బును పట్టవు, అవి వేరే రకం ఎలర్జీకి. దీనికి కావలసింది ప్యాచ్ టెస్ట్. అనుమానం ఉన్న పదార్థాలను చాలా పలచగా, ఉదాహరణకు మాంకోజెబ్ అయితే వాసెలిన్‌లో ఒక శాతం కలిపి, వీపు పైభాగాన చిన్న బిళ్లలుగా అతికిస్తారు. 48 గంటలు ఉంచి తీసి చూస్తారు, మళ్లీ 72 లేదా 96 గంటలకు చూస్తారు. ఆ రోజుల్లో వీపు తడపకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. స్టెరాయిడ్ మాత్రలు, సూదులు నడుస్తుంటే ముందే చెప్పాలి, ఫలితం తప్పుతుంది. వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రికి పోయినా, ప్రైవేటుకు పోయినా చర్మ వైద్యుణ్ణి "ప్యాచ్ టెస్ట్ చేస్తారా, తెగులు మందులు, వయ్యారిభామ అందులో ఉన్నాయా" అని అడగండి. ఇంట్లోనే డబ్బాలోని మందు చర్మం మీద చుక్క వేసి చూసుకోవడం మాత్రం ఎవరూ చేయొద్దు, కాలుతుంది, కొత్త ఎలర్జీ మొదలవ్వొచ్చు.

ఒంటి మీద మందు పడితే వెంటనే బట్టలు తీసి సబ్బుతో, ధారాళంగా నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి. కిరోసిన్, మట్టి, వేడి నీళ్లు వద్దు. దద్దుతో పాటు చొంగ, చెమటలు, కళ్లు మసకబారడం, కంటిపాప సూది మొనంత కావడం, కండరాలు అదరడం ఉంటే అది ఎలర్జీ కాదు, విషం ఎక్కింది. పెదాలు, నాలుక వాచి ఊపిరి ఆడకపోయినా ఆగే పని లేదు. 108కి ఫోన్ చేయాలి, డబ్బా వెంట తీసుకుపోవాలి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117. ఆదిలాబాద్‌కు ఆనుకుని ఉన్న యవత్మాల్‌లో 2017లో పత్తికి మందు కొడుతూ రైతులు, కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పత్తి ఎత్తుగా పెరిగిన కాలంలో జరిగింది అది.

ఏ మందు పడదో తేలాక అసలు పని మొదలవుతుంది. మాంకోజెబ్ పడదని తెలిస్తే ఎం-45 మానేస్తే చాలదు. కార్బెండజిమ్ 12 శాతం కలిసిన పొడిలో 63 శాతం మాంకోజెబ్ ఉంటుంది. సైమోక్సానిల్ 8 శాతం కలిసినదాంట్లో 64 శాతం, మెటలాక్సిల్ కలిసినదాంట్లోనూ 64 శాతం. షాపతను "ఇది వేరే మందన్నా" అని మంచి మనసుతోనే ఇస్తాడు, బ్రాండు వేరు కాబట్టి. జినెబ్, మానెబ్ కూడా వదలాలి, ఒకటి పడనివాళ్లకు చుట్టాలూ పడకపోవచ్చు. థైరమ్ పడనివాళ్లకు ఇంకో చిక్కు ఉంది. రబ్బరు గట్టిపడటానికి వాడే రసాయనాల్లో థైరమ్, దాని చుట్టాలే ఉంటాయి. అందుకే అలాంటివాళ్లకు రక్షణ కోసం వేసుకున్న గ్లౌజులతోనే చేతులు కమిలిపోవచ్చు. వాళ్లకు పీవీసీ గ్లౌజులు గానీ, ఆ రసాయనాలు, అంటే యాక్సిలరేటర్ లేదని రాసి ఉన్న నైట్రైల్‌వి గానీ కావాలి.

ఇదంతా రైతు మీదే వేయడం న్యాయం కాదు. ఇవే అణువులకు అమెరికాలో అమ్మే డబ్బాల మీద, మళ్లీ మళ్లీ చర్మానికి తగిలితే కొందరికి ఎలర్జీ రావచ్చన్న వాక్యం ఉంటుంది. ఇక్కడి డబ్బా మీద ఆ ఒక్క వాక్యం తెలుగులో, చదవగలిగే అక్షరాల్లో, రంగు గుర్తు పక్కనే ఉండాలి. ఎర్ర గుర్తు భయాన్ని నేర్పినట్టు ఇది జాగ్రత్తను నేర్పుతుంది. దీనికి కొత్త పరిశోధన ఏమీ అక్కర్లేదు, కంపెనీల దగ్గర ఆ సమాచారం ఇప్పటికే ఉంది. నమ్మకం లేకపోతే చదువుకున్న పిల్లల్ని ఆ మందు సాంకేతిక నామంతో సేఫ్టీ డేటా షీట్ (కంపెనీ ఇచ్చే భద్రతా వివరాల పత్రం) వెతికి 11వ భాగం చూడమనండి. స్కిన్ సెన్సిటైజేషన్ అన్న వరుస అక్కడ ఉంటుంది.

అంతదాకా ఎకరానికింత, పంపుకింత అని కూలికి మందు కొట్టేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. సొంత చేను ఉన్నవాడికి సీజన్‌కు కొన్ని కొట్టుళ్లే, వాళ్లకు రోజుకో చేను, రోజుకో మందు. చేను గలాయన్ని బిల్లు చూపించమని అడగాలి, బిల్లు మీద సాంకేతిక నామం రాయించమని ఆయన షాపులో అడగాలి. మందు పోసే ముందు లేబుల్ ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకుంటే తేదీతో సహా నిలిచి ఉంటుంది. దద్దు వచ్చి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ముందు చూపించాల్సినవి ఆ ఫోటోలే, చివరి నాలుగు వారాలవి అన్నీ.